ఇంటి సబ్బుకు నూనెల ఎంపిక

ఒంగోలు, కావలి ప్రాంతాల్లో గానుగ వేరుశనగ నూనె సులువుగా దొరుకుతుంది కాబట్టి చాలామంది దానితోనే సబ్బు మొదలుపెడతారు. అయితే అది ఒక్కటే వాడితే సబ్బు మెత్తగా ఉండి, నురగ తక్కువగా వస్తుంది. గట్టిదనాన్నీ, నురగనూ ఇచ్చేది కొబ్బరినూనె. కొత్తపట్నం వంటి తీరగ్రామాల ఉప్పునీటిలో సైతం దాని సబ్బు నురగనిస్తుంది, కానీ పాళ్లు మించితే చర్మం పొడిబారుతుంది. ఆముదం పదో వంతు చేరిస్తే నురగ నిలుస్తుంది. ఎక్కువైతే సబ్బు జిగురుగా మారుతుంది.

నా లెక్క ఇది: కొబ్బరినూనె 400 గ్రాములు, వేరుశనగ నూనె 500, ఆముదం 100. వీటికి 5 శాతం నూనె సబ్బుగా మారకుండా మిగిలేలా, నూనెను సబ్బుగా మార్చే ఘాటైన క్షారమైన స్వచ్ఛమైన కాస్టిక్ సోడా 146 గ్రాములు సరిపోతుంది. ప్రతి నూనెకూ సోడా మోతాదు వేరు కనుక, నూనె మార్చినప్పుడల్లా లెక్క తిరిగి వేయాలి. వేపనూనె 50 గ్రాములు దాటితే, వాసన భరించడం కష్టం.

బజ్జీలు వేయించిన నూనె వద్దు. తూకానికి చెంచాలు కాక, డిజిటల్ త్రాసు వాడాలి. చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి, సోడాను నీటిలో పోయాలే తప్ప సోడాపై నీరు పోయరాదు. అల్యూమినియం గిన్నెలు పనికిరావు. కోసిన సబ్బులను నాలుగు నుంచి ఆరు వారాలు గాలి తగిలేచోట ఆరనివ్వాలి.