డెంగీ రోజుల్లో ఆస్పిరిన్: బిళ్ల వేసుకునే ముందు

వానలు పడి, ఇళ్ల చుట్టూ నీళ్లు నిలిచి, డెంగీ జ్వరాలు మొదలయ్యే రోజుల్లో ఇంట్లోని మందుల డబ్బాను ఒకసారి వెతికి చూసుకోవడం అవసరం. జ్వరం, ఒళ్లునొప్పులు రాగానే డిస్ప్రిన్ వంటి ఆస్పిరిన్ బిళ్ల వేసుకోవడం చాలామందికి అలవాటు. ఆ జ్వరం డెంగీ అయితే ఈ అలవాటే రక్తస్రావానికి దారి తీయవచ్చు.

రక్తనాళం గాయపడిన చోట అతుక్కున్న ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే చిన్న కణాలు, థ్రాంబాక్సేన్ ఎ2 అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. ఆ సంకేతం అందగానే చుట్టుపక్కల ప్లేట్‌లెట్ల ఉపరితలం మీద అప్పటిదాకా ముడుచుకొని ఉన్న గ్లైకోప్రోటీన్ 2బి/3ఎ అనే ప్రోటీన్ విచ్చుకొని, రక్తంలోని ఫైబ్రినోజెన్ అనే మరో ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఒకే ఫైబ్రినోజెన్ అణువు రెండు ప్లేట్‌లెట్లను కలిపి ఉంచడం వల్ల గుంపు చేరి గాయం పూడుతుంది. ఆస్పిరిన్ ఈ ఉపరితల ప్రోటీన్‌ జోలికి నేరుగా పోదు. కణం లోపల థ్రాంబాక్సేన్ తయారీకి అవసరమైన కాక్స్-1 ఎంజైమును శాశ్వతంగా పనికిరాకుండా చేయడంతో, పైనున్న ప్రోటీన్‌కు అందవలసిన పిలుపు బలహీనపడుతుంది. గడ్డకట్టడానికి తోడ్పడే త్రాంబిన్ అనే ఎంజైము వంటి ఇతర దారులు మిగిలే ఉంటాయి కనుక గడ్డకట్టడం పూర్తిగా ఆగిపోదు. అయితే ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, కొత్త ఎంజైమును చేసుకోలేదు. కాబట్టి ఒక్క బిళ్ల ప్రభావం ఆ ప్లేట్‌లెట్ బతికినంత కాలం, అంటే 7 నుంచి 10 రోజుల దాకా, దానిని విడవదు.

డెంగీలో అందరి కళ్లూ ప్లేట్‌లెట్ కౌంట్ మీదే ఉంటాయి. సాధారణంగా మైక్రోలీటరుకు 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ఉండవలసినది 80,000కు పడిపోయిందని రిపోర్టు చెబుతుంది గాని, ఆ 80,000లో ఆస్పిరిన్ దెబ్బ తగలకుండా ఒకదానినొకటి పట్టుకోగలిగినవి ఎన్నో చెప్పదు.

అందుచేత జ్వరం డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ మాత్రమే, అదీ వైద్యులు చెప్పిన మోతాదులోనే వాడాలి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలు కూడా వద్దు. జ్వరం త్వరగా దిగాలని తుంటికి వేయించుకునే ఇంజక్షన్ అసలే వద్దు, ఎందుకంటే ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు సూది దిగిన కండరం లోపలే రక్తం కారి, చేరి వాపు రావచ్చు. వైరల్ జ్వరం ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే రే సిండ్రోమ్ ముప్పు కూడా ఉంది.

గుండెకు స్టెంట్ వేయించుకొని రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వాడేవారి సంగతి వేరు. భయపడి సొంతంగా మానేస్తే స్టెంట్‌లోనే గడ్డ ఏర్పడవచ్చు. జ్వరం వచ్చిన మొదటి రోజే గుండె వైద్యునికి తెలియజేసి, కొనసాగించాలో ఆపాలో ఆయన నిర్ణయానికే వదలాలి.

పొరపాటున ఆస్పిరిన్ వేసుకొని ఉంటే ఎప్పుడు, ఎన్ని వేసుకున్నారో వైద్యునికి దాచకుండా చెప్పండి. చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి మలం, ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి కనిపిస్తే, ముఖ్యంగా జ్వరం తగ్గిన తరువాతి ఒకటి రెండు రోజుల్లో కనిపిస్తే, తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.