స్కాటిష్ బేకింగ్ – 4వ పాఠం: ముందు స్కోన్లు సరిచేద్దాం, తర్వాత మార్నింగ్ రోల్స్

ఈ పాఠం మొత్తం మార్నింగ్ రోల్స్‌కే, అంటే ఈస్ట్‌తో పొంగించే మెత్తటి చిన్న బన్నులకే ఇద్దామనుకున్నాను. కానీ పోయినసారి చెప్పిన గిర్డిల్ స్కోన్లు (గిర్డిల్ అనే చదునైన ఇనప పెనం మీద కాల్చే, సోడాతో పొంగే చిన్న రొట్టెలు) చేసి చూసినవాళ్లు రాసిందంతా చదివాక, అవి తేల్చకుండా ముందుకు పోబుద్ధి కాలేదు. ఫిర్యాదులు మూడు రకాలు. చేదుగా, సబ్బు వాసనతో వచ్చాయి. లేవకుండా గట్టిపడ్డాయి. పైన మాడి లోపల పచ్చిగా ఉన్నాయి. మూడోది చిన్న సంగతే. మొదటి రెండూ మాత్రం అలా వదిలేస్తే ఇక ముందు ఏ పాఠమూ ఎక్కదు.

కొలతలు మళ్లీ ఇస్తున్నాను: మైదా 225 గ్రాములు, వంటసోడా అర టీస్పూను, క్రీమ్ ఆఫ్ టార్టర్ (బేకింగ్‌లో వాడే పుల్లటి పొడి) అర టీస్పూను, ఉప్పు అర టీస్పూను, చల్లటి వెన్న 30 గ్రాములు, చిక్కటి పుల్ల మజ్జిగ 150 నుంచి 170 మి.లీ. స్పూను పైన మిగిలినదాన్ని చాకుతో గీసేయాలి.

చేదు సంగతి. చాలామంది ఇంట్లో తాగే మజ్జిగే పోశారు. గ్లాసు పెరుగుకు మూడు గ్లాసుల నీళ్లు పోసి కలిపిన మజ్జిగ ఎండలో ప్రాణం నిలబెడుతుంది గానీ స్కోన్‌కు పనికిరాదు. స్కాట్లాండ్ పల్లెల్లో వెన్న తీశాక మిగిలిన పుల్లటి మజ్జిగను అలాగే పిండిలో పోసేవారు. సోడా క్షారం, మజ్జిగ ఆమ్లం. రెండూ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి ముద్ద పొంగుతుంది. పులుపు చాలకపోతే సోడా కొంత మిగిలిపోతుంది, ఆ మిగిలింది పెనం వేడికి సోడియం కార్బొనేట్ అవుతుంది, అంటే బట్టలుతికే సోడా. మీకు తగిలిన సబ్బు వాసన అదే. పసుపు వేయకపోయినా లోపల పచ్చగా ఎందుకుందని ఒకరు అడిగారు. మైదాలో సహజంగా ఉండే రంగులు క్షారం తగిలితే పసుపెక్కుతాయి. విరిచి చూసినప్పుడు ఆ రంగు కనిపిస్తే సోడా మిగిలిపోయిందని అర్థం.

కాబట్టి బాగా పులిసిన నిన్నటి పెరుగు మూడు వంతులు, నీళ్లు ఒక వంతు తీసుకుని, పలుకులు లేకుండా కవ్వంతో చిలకండి. క్రీమ్ ఆఫ్ టార్టర్ దొరక్కపోతే అందులోనే రెండు టీస్పూన్ల నిమ్మరసం పిండండి. పొంగలేదని సోడా మాత్రం పెంచొద్దు.

ఇక గట్టిపడటం. దీనికి కారణం మన చేతులకు చిన్నప్పటి నుంచి పట్టిన చపాతీ అలవాటు. పిండి తడపగానే పిసుకుతాం, పిసికాక తడిగుడ్డ కప్పి అరగంట పక్కన పెడతాం. చపాతీకి అది సరైన పద్ధతే. సోడా స్కోన్‌కు అంతకంటే చెడు చేసేది ఇంకోటి లేదు. మజ్జిగ తగిలిన క్షణం నుంచే గ్యాస్ పుట్టడం మొదలవుతుంది, మొదటి కొద్ది నిమిషాల్లోనే చాలావరకు అయిపోతుంది. ఆ కొద్ది నిమిషాల్లో ముద్ద వేడి పెనం మీద ఉండాలి. అప్పుడే బుడగల చుట్టూ పిండి కాలి, గుల్లగా నిలబడుతుంది.

మీరు రాసినవాటిలోనే చూడండి. ఒకరు ముద్ద కలిపాక ఫోన్ వస్తే మాట్లాడి వచ్చి చేశారు. ఒకరు ఆఫీసు నుంచి రాగానే కాల్చుకోవచ్చని పొద్దున్నే కలిపి ఫ్రిజ్‌లో పెట్టారు. ఒకరు కలపడం అయ్యాక పెనం పొయ్యి మీద పెట్టారు, దళసరి ఇనప పెనం కాబట్టి అది కాలేసరికి పది నిమిషాలు. ఒకరు నాలుగు రెట్లు పిండి కలిపారు, చిన్న పెనం మీద వంతులవారీగా కాల్చారు. మొదటి వాయి బాగా వచ్చి చివరి వాయి అట్టలా వచ్చిందంటే తప్పు చేతిది కాదు, ఆలస్యానిది. ఎక్కువ కావాలంటే పొడిపిండి మొత్తం ఒకేసారి జల్లించి పెట్టుకోండి, మజ్జిగ మాత్రం ఏ వాయికి ఆ వాయికే పోయండి.

స్కోన్ గట్టిపడటానికి పిసకడం కూడా కారణమే. స్కాట్లాండ్ చలికి, వానకు పూర్వం పెరిగేవి ముఖ్యంగా ఓట్స్, బార్లీ. ఓర్క్‌నీ దీవుల్లో బేర్ అనే పాతకాలపు బార్లీని బారనీ మిల్లులో ఇప్పటికీ నీటి చక్రంతోనే విసురుతున్నారు, దానితో చేసే బానక్‌లు (బిళ్లలాంటి రొట్టెలు) ముదురు రంగులో, మట్టివాసనతో కమ్మగా ఉంటాయి. ఈ ధాన్యాల్లో సాగే గుణం తక్కువ. అక్కడ పండే గోధుమ కూడా మెత్తని రకమే. అందుకే ఆ ఇళ్లలో ఇనప గిర్డిల్ మీద పల్చగా కాల్చే పద్ధతి నిలబడింది. స్కాట్లాండ్‌లోనే ఫైఫ్ తీరంలో కూరస్ అనే ఊరు గిర్డిళ్లకు పెట్టింది పేరు, వాటిని తయారుచేసే హక్కును 1599లో ఆరో జేమ్స్ రాజు ఆ ఊరికే ఇచ్చాడు. మన మైదాను పిసికితే సాగుతుంది, సాగితే స్కోన్ బిగుసుకుంటుంది. మజ్జిగ పోశాక వేళ్లతో నాలుగైదుసార్లు కలిపి, పొడిపిండి చల్లిన బల్ల మీదికి దించి, అరచేత్తో 18 సెంటీమీటర్ల వెడల్పు బిళ్లగా అదమండి. పైన గరుకుగా ఉన్నా ఫరవాలేదు. అప్పడాల కర్ర ముట్టుకోవద్దు. పావు ముక్కలుగా కోయండి, చాకును నేరుగా కిందికి దించాలి, లాగకూడదు.

పైన మాడడం వేడి వల్ల. పెనం మీద చిటికెడు మైదా చల్లండి. ఒక నిమిషంలో లేత గోధుమరంగుకు రావాలి. వెంటనే నల్లబడితే సెగ తగ్గించి ఆగండి. ఒక్కో వైపు ఐదారు నిమిషాలు. చివర్లో ముక్కల్ని నిలబెట్టి, కోసిన అంచుల్ని కూడా పెనానికి ఆనించండి, లోపలి పచ్చి అక్కడే పోతుంది. నాన్‌స్టిక్ పెనం నాకు నచ్చదు. దోసెలకు వాడే దళసరి ఇనప పెనం ఉంటే గిర్డిల్ కొనక్కర్లేదు.

ముద్ద మరీ జారుగా అయిపోయినవాళ్లు దాన్ని పారేయొద్దు. ఒక గుడ్డు, కాస్త పంచదార, కొంచెం పాలు కలిపి గరిటెతో చిన్న చిన్న బిళ్లలుగా వేస్తే డ్రాప్ స్కోన్లు అవుతాయి. 1959లో స్కాట్లాండ్‌లోని బాల్మోరల్ కోటకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు రెండో ఎలిజబెత్ రాణి మరుసటి ఏడాది ఉత్తరంలో రాసి పంపింది ఈ వంటకమే.

ఇప్పుడు మార్నింగ్ రోల్స్. పైన చెప్పిన తొందరంతా ఇక్కడ పక్కన పెట్టేయాలి. ఈస్ట్‌కు టైమ్ కావాలి, ఎంత నెమ్మదిగా పులిస్తే అంత రుచి. పాకెట్ మీద ప్రొటీన్ నూటికి 11 గ్రాములు దాటిన మైదా 500 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3 గ్రాములు, వెన్న 30 గ్రాములు, చల్లటి నీళ్లు 300 మి.లీ. పాతకాలం బేకరీల్లో పందికొవ్వు వాడేవారు, వెన్నతో కూడా బాగుంటాయి. ఇక్కడ మాత్రం పది నిమిషాలు గట్టిగా పిసకండి, మీ చపాతీ చేయి పనికొచ్చేది ఈ రొట్టెకే. రాత్రి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మే నెలలో విజయవాడలోనో వరంగల్‌లోనో బయట వదిలేస్తే తెల్లారేసరికి పుల్లబడి కూలిపోతుంది.

పొద్దున పది ఉండలు చేసి, కొంచెం అదిమి, ట్రేలో వేలెడు దూరంలో పేర్చండి. పొంగినప్పుడు పక్కలు ఒకదానికొకటి అంటుకోవాలి, కాలాక చేత్తో విడదీస్తే పక్కలు మెత్తగా తెల్లగా ఉంటాయి. మార్నింగ్ రోల్ అందం ఆ చిరిగిన పక్కల్లోనే ఉంది. రెట్టింపయ్యాక మైదా చల్లి, ఒక్కోదాని నడుమ వేలితో నొక్కండి. లేకపోతే పైన బొబ్బలా ఉబ్బుతుంది. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 220 డిగ్రీల్లో 15 నుంచి 18 నిమిషాలు. గ్లాస్గోలో పైభాగం దాదాపు నల్లబడేదాకా కాల్చిన వెల్-ఫైర్డ్ రోల్స్ అడిగి మరీ కొనేవాళ్లున్నారు, నేనూ వాళ్ల పక్షమే. అలా కావాలంటే మైదా చల్లకుండా ఓటీజీ పై అరలో, 240 డిగ్రీల్లో పెట్టండి. మధ్యకు కోసి వెన్న రాసి, గుడ్డు అట్టు గానీ బంగాళదుంపతో చేసే టాటీ స్కోన్ గానీ పెట్టుకుని వేడివేడిగా తినాలి.

అభ్యాసం. స్కోన్ ముద్ద ఒక్కసారే కలిపి నాలుగు ముక్కలు కోయండి. మొదటిది వెంటనే కాల్చండి. రెండోది పది నిమిషాలకు, మూడోది ఇరవైకి, నాలుగోది అరగంటకు. నాలుగూ చల్లారాక నిలువుగా విరిచి పక్కపక్కన పెట్టండి, మందం స్కేలుతో కొలిచి రాసుకోండి, ఒక్కో ముక్క కళ్లు మూసుకుని తినండి. మర్నాడు అదే పని ఇంట్లో తాగే పల్చటి మజ్జిగతో చేయండి. ఈ రెండూ చేయకుండా రోల్స్ మొదలుపెట్టొద్దు. రోల్స్ మాత్రం వారంలో రెండుసార్లు చేయండి, ఒకసారి మైదా చల్లి, ఒకసారి బాగా మాడ్చి.

వచ్చే పాఠం అబర్డీన్ రౌయీలు, అంటే పొరలు పొరలుగా వచ్చే రోల్స్. దానికి ఉప్పు లేని వెన్న 200 గ్రాములు ముందే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. మెత్తబడిన వెన్నతో ఆ పొరలు రావు.