సొరుగులోని పాత ఫోన్‌ను రీసైక్లింగ్‌కు ఇచ్చే ముందు

మా బీరువా సొరుగులో నాలుగు పాత ఫోన్లు ఏళ్లుగా మూలుగుతున్నాయి. పారేయడానికి మనసొప్పదు, ఎవరికైనా ఇద్దామంటే లోపలి ఫొటోలు, బ్యాంకు సందేశాలు గుర్తొస్తాయి. మొన్న వాటిని ఈ వరుసలో సిద్ధం చేశాను.

ఫోన్‌ను సగానికి పైగా ఛార్జ్ చేసి, ఫొటోలను, నంబర్లను కొత్త ఫోన్‌లోకి మార్చుకుని, *#06# నొక్కితే కనిపించే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యను (ఫోన్‌ గుర్తింపు సంఖ్య) కాగితంపై రాసుకోవాలి. ఆ తరువాత సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతాను తొలగించి, ఆపైనే ఫ్యాక్టరీ రీసెట్ (ఫోన్‌లోని సమాచారమంతా చెరిపేయడం) చేయాలి. ఖాతా తీయకుండా పక్క బటన్లు నొక్కి రీసెట్ చేస్తే, ఫోన్ మళ్లీ పాత ఖాతా వివరాలే అడుగుతుంది కనుక, ఇంకొకరు వాడుకోదగిన ఫోన్ కూడా తుక్కు కిందికే పోతుంది. ఐఫోన్ అయితే, పోయిన ఫోన్‌ను వెతికిపెట్టే ‘ఫైండ్ మై’ను ఆపాలి. చివరగా సిమ్, మెమరీ కార్డు తీయాలి. నాన్నగారి ఫోన్‌లో కార్డు బ్యాటరీ కింద ఉండడంతో దాదాపు మరిచిపోయాను.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల (పాత ఎలక్ట్రానిక్ వస్తువుల) నిబంధనలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీ కంపెనీలపై పెట్టాయి కాబట్టి, కంపెనీ వెబ్‌సైట్‌లో సేకరణ కేంద్రం చిరునామా వెతికి అక్కడే ఇచ్చి, ఐఎంఈఐ సంఖ్యతో రసీదు అడగండి.

బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచి ఉంటే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. దానిని ఛార్జ్ చేయకుండా, నొక్కకుండా, మిగతా ఫోన్లతో కలపకుండా విడిగా తీసుకెళ్లి, ఆ సంగతి ముందే చెప్పి అప్పగించాలి.