నార్తర్న్ టెరిటరీ ఆదివాసీ ఊళ్లలో పసిపిల్లల టీచర్ కావాలంటే

ఆస్ట్రేలియాలో ఈ పనికి మొదటి మెట్టు సర్టిఫికెట్ త్రీ అనే పసిపిల్లల సంరక్షణ కోర్సు. ముందుగా ఓకర్ కార్డుకు దరఖాస్తు పెట్టండి. పిల్లలతో పనిచేయడానికి ఈ టెరిటరీ ఇచ్చే అనుమతి అది. కోర్సులో 160 గంటలు పసిపిల్లల సెంటర్‌లో పనిచేయాలి, పై మెట్టు డిప్లొమాకైతే 280. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే: గంటలన్నీ పెద్ద పిల్లల గదిలోనే గడిచిపోతాయి, రెండేళ్లలోపు పిల్లలకు డైపర్ మార్చడం, పాలు పట్టడం చేసి చూపాల్సిన అసెస్‌మెంట్ మిగిలిపోతుంది. మొదటి వారమే సూపర్‌వైజర్‌ను అడిగి ఆ గదిలో రోజులు వేయించుకోండి.

ఈ ఊళ్లలో పిల్లలకు చెవిలో చీము సమస్య ఎక్కువ, దాంతో వినికిడి తగ్గుతుంది. పిలిస్తే పలకని పిల్లను దయచేసి మొండిదనుకోకండి. ఫ్యాన్ ఆపి, ఎదురుగా నేల మీద కూర్చుని, చేత్తో చూపిస్తూ చెప్పండి.

ఊళ్లో ఎవరైనా చనిపోతే వాళ్ల ఫొటో సెంటర్ గోడ మీద ఉంచాలా, పేరు పలకవచ్చా అన్నది అక్కడి ఆచారాన్ని బట్టి ఉంటుంది, సొంతంగా తేల్చకండి. స్థానిక టీచర్ ద్వారా కుటుంబాన్ని అడగండి.