జపాన్‌లో చలికాలం: వీధిలో కంటే ఇంట్లోనే ఎక్కువ జాగ్రత్త

డిసెంబరు సెలవులకు అమ్మానాన్నల్ని జపాన్‌కి పిలిపించుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాళ్లు పెట్టె నిండా స్వెట్టర్లు, మంకీ క్యాపులు, ఊలు సాక్సులు కుక్కుకుని దిగుతారు. ఆ సరంజామా అంతా వీధి చలి కోసం. కానీ అక్కడ చలికాలంలో పెద్దవాళ్ల ప్రాణం మీదికి తెచ్చేవి చాలావరకు గడప లోపలే ఉంటాయి.

అసలు చిక్కు ఇంటితోనే. హొక్కైడో లాంటి మంచు ప్రాంతాల్లో ఇల్లంతా వెచ్చగా ఉండేలా కడతారు. టోక్యో, ఒసాకా వైపు పాత ఇళ్లలో అలా కాదు, మనుషులు కూర్చున్న గది ఒక్కటే వేడి చేసుకుంటారు. హాల్లో హాయిగా ఉన్న మనిషి బాత్‌రూమ్ వైపు నాలుగడుగులు వేస్తే చాలు, ఒళ్లు జలదరిస్తుంది. బట్టలు విప్పుకునే చిన్న గదిలో అయితే ఇక చెప్పక్కర్లేదు.

జపాన్‌వాళ్లకు స్నానమంటే రాత్రిపూట, ఒళ్లు సేదదీరడానికి. తొట్టి బయట చిన్న స్టూలు మీద కూర్చుని, సబ్బుతో రుద్దుకుని శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలో దిగుతారు. ఆ నీళ్లు ఇంటిల్లిపాదికీ ఒకటే కాబట్టి అందులో సబ్బు కలపరు, మీ వంతు అయిపోయిందని నీళ్లు వదిలేయకూడదు. ఎవరింటికైనా అతిథిగా వెళ్లినప్పుడు ఈ రెండూ గుర్తుంటే మర్యాద దక్కుతుంది. నీళ్లు 41, 42 డిగ్రీల వేడి, భుజాల దాకా లోతు.

ప్రమాదం ఇక్కడే. చల్లటి గదిలో బట్టలు విప్పగానే రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. వేడినీళ్లలో దిగాక అవి వదులై బీపీ కిందికి జారుతుంది. తూలు వచ్చినట్టై, నిద్రలోకి జారినట్టే స్పృహ తప్పి తల నీళ్లలోకి వాలిపోతుంది. కేక ఉండదు, చప్పుడు ఉండదు. దీన్ని అక్కడ ‘హీట్ షాక్’ అంటారు. జపాన్‌లో రోడ్డు ప్రమాదాల్లో పోయే వృద్ధుల కంటే ఇంటి స్నానాల తొట్టిలో మునిగి పోయేవాళ్లే ఎక్కువ. మన ఊళ్లో చెబితే ఎవరూ నమ్మరు.

అందుకని నీళ్ల వేడి 41 డిగ్రీలు దాటనివ్వకండి, తొట్టిలో పది నిమిషాలకు మించి ఉండనివ్వకండి. బట్టలు మార్చుకునే చోట ముందే చిన్న హీటర్ పెట్టండి. తొట్టి మూత కాసేపు తీసి ఉంచినా, గోడలకి నేలకి షవర్‌తో వేడినీళ్లు కొట్టినా బాత్‌రూమ్ వెచ్చబడుతుంది. భోంచేసిన వెంటనే వద్దు, మద్యం పుచ్చుకున్నాక అసలే వద్దు. లేచేటప్పుడు అంచు పట్టుకుని నిదానంగా లేవాలి. ‘స్నానానికి వెళ్తున్నా’ అని ఇంట్లో ఒక మాట చెప్పి వెళ్లడం అలవాటు చేయండి. మొహమాటపడి అర్ధరాత్రి ఒంటరిగా వెళ్లే నాన్నలకు ఇది మరీ మరీ చెప్పాలి. నన్నడిగితే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు తొట్టి జోలికే పోనక్కర్లేదు. ఆ స్టూలు మీద కూర్చుని చిన్న బేసిన్‌తో పోసుకుంటే అచ్చం మన బకెట్ స్నానమే.

ఎవరైనా తొట్టిలో స్పృహ లేకుండా కనిపిస్తే ముందు నీళ్ల బిరడా లాగేయండి. తల నీళ్లపైన నిలబెట్టి, కేకేసి సాయం పిలవండి. ఒంటిచేత్తో బయటికి లాగాలని పెనుగులాడుతూ సమయం పోగొట్టకండి.

ఇక కొత్త సంవత్సరం వంటకం మోచి. జిగురు బియ్యాన్ని ఉడికించి, రోట్లో వేసి దంచి చేస్తారు. జనవరి మొదటి మూడు రోజులూ దాన్ని ‘ఓజోని’ అనే సూపులో వేసుకు తింటారు. టోక్యో వైపు పలకలుగా కాల్చి వేస్తే, క్యోటో వైపు గుండ్రంగా చేసి తెల్ల మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపులో వేస్తారు. శాకాహారులు ఆ సూపు చేప రసంతో కాచిందేమో కనుక్కోవాలి. ఏటా ఈ రోజుల్లో మోచి గొంతుకు అడ్డుపడి పెద్దవాళ్లు చనిపోతూనే ఉంటారు, టోక్యో అగ్నిమాపక శాఖ ఏటా హెచ్చరిస్తూనే ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడు మెత్తగా సాగుతుంది, నోట్లో చల్లారేకొద్దీ గట్టిపడి అతుక్కుంటుంది. కట్టుడు పళ్లతో నమలడం ఇంకా కష్టం.

గోరంత ముక్కలుగా కత్తిరించి పెట్టండి. ముందు టీ గానీ సూపు గానీ ఒక గుటక తాగించి గొంతు తడి చేయండి. ఒక ముక్క పూర్తిగా మింగాకే రెండోది. తింటున్న మనిషిని నవ్వించకండి, పక్కన ఒకరు ఉండండి. మన ఇళ్లలో పొలమారితే నడినెత్తిన తట్టి, ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అని నీళ్లిస్తాం. మోచి అడ్డుపడ్డప్పుడు ఆ తట్టుడూ పనికిరాదు, ఆ నీళ్లూ పనికిరావు. దగ్గగలిగితే గట్టిగా దగ్గమనండి. మాట రాక, చెయ్యి గొంతు దగ్గరికి పోతే ముందుకు వంచి, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో గట్టిగా కొట్టండి. ఈలోగా ఇంకొకరు అంబులెన్సు నంబరు 119కి ఫోన్ చేయాలి. చిన్న కప్పుల్లో అమ్మే కొంజాకు (ఒక రకం దుంప) జెల్లీ కూడా ఇలాంటిదే, పసిపిల్లలకూ పెద్దవాళ్లకూ పెట్టకండి.

కొతాత్సు అంటే కింద హీటర్, మీద దుప్పటి ఉన్న పొట్టి బల్ల. కాళ్లు పెట్టుకుంటే లేవబుద్ధి కాదు. అందులోనే నిద్రపోవద్దు. 44 డిగ్రీల వేడి ఒకే చోట మూడు నాలుగు గంటలు తగిలినా చర్మం లోపలిదాకా కాలుతుంది. షుగర్‌తో పాదాలు తిమ్మిరెక్కిన వాళ్లకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. జేబులో పెట్టుకునే వేడి ప్యాకెట్లు, అవే ‘కైరో’లు, వాటిదీ ఇదే కథ: చర్మానికి అంటించకూడదు, పడుకునేటప్పుడు తీసేయాలి. కిరోసిన్ స్టవ్ ఉంటే గంటకు ఒకటి రెండుసార్లు కిటికీ తీయండి, వెలుగుతుండగా నూనె పోయకండి. చాలా అద్దె ఇళ్లలో ఆ స్టవ్వే నిషిద్ధం, ఒప్పందం చూసుకోండి. నీగతా లాంటి మంచు ఊళ్లకు వెళ్తే ఇళ్ల చూరు కింద నిలబడి ఫొటోలు దిగకండి, పైకప్పు మంచు ఒక్కసారిగా జారుతుంది.

మందుల మాట ప్రయాణానికి ముందే చూసుకోవాలి. డాక్టరు రాసిచ్చిన మందులు నెలకు సరిపడా అయితే మామూలుగా అనుమతి అక్కర్లేదు. మూడు నెలలు ఉండేవాళ్లు అంతకు మించి తెచ్చుకోవాలంటే జపాన్ ఆరోగ్య శాఖ నుంచి ముందుగానే దిగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. ప్రభుత్వ కార్యాలయాలు డిసెంబరు 29 నుంచి జనవరి 3 దాకా మూసి ఉంటాయి, చాలా క్లినిక్‌లదీ అదే వరస. ఆ రోజుల్లో మీరుండే వార్డులో, అంటే మీ నగర విభాగంలో, ఏ డాక్టరు డ్యూటీలో ఉంటారో ముందే చూసి పెట్టుకోండి.

119 నిప్పుకూ అంబులెన్సుకూ ఒకటే నంబరు. ఏది కావాలని అడుగుతారు. ‘క్యూక్యూ’ అంటే అంబులెన్సు, ‘కాజి’ అంటే మంటలు. ఇంటి చిరునామా జపనీస్ ఉచ్చారణలోనే తెలుగు అక్షరాల్లో పెద్దగా రాసి ఫ్రిజ్ మీద అంటించండి, మీరు ఆఫీసులో ఉన్నప్పుడు అమ్మ చదివి చెప్పగలిగేలా.