మాస్టర్స్ కోర్సులు: వెతకడానికి పోర్టల్, పోల్చడానికి సొంత పట్టిక

విదేశాల్లో మాస్టర్స్ కోర్సులు వెతకడానికి వాడే మాస్టర్స్‌పోర్టల్ లాంటి సైట్‌లో ‘డేటా సైన్స్’ అని కొడితే చేంతాడంత జాబితా వస్తుంది. పైన కనిపించేవే మంచివనుకోకండి. ఇలాంటి సైట్లకు డబ్బిచ్చేది వెతికేవాళ్లు కాదు, యూనివర్సిటీలు. ‘ఫీచర్డ్’ అన్న ముద్ర ఉన్నవాటిని ప్రకటనలుగానే చూడండి. పోర్టల్ పని పేర్లు ఏరిపెట్టడం వరకే.

మొదటి విడతలో రెండు ఫిల్టర్లు చాలు: బోధనా భాష, ఫుల్‌టైమా పార్ట్‌టైమా. ఫీజు ఫిల్టర్ అప్పుడే పెట్టొద్దు. ఫీజు గడి నింపని కోర్సులు ఆ దెబ్బకి జాబితాలోంచి జారిపోవచ్చు. ఒకే పేరుతో వెతికి ఆపేయడం ఇంకో పొరపాటు. దాదాపు అదే సిలబస్ ఒకచోట ‘అప్లైడ్ స్టాటిస్టిక్స్’ అని, ఇంకోచోట ‘మెషిన్ లెర్నింగ్’ అని ఉంటుంది. ఇలాంటి మారుపేర్లు రాబట్టడానికి చాట్‌బాట్లు బాగా పనికొస్తాయి. ఫీజులు, గడువులు మాత్రం వాటిని అడిగి రాసుకోవద్దు. పాత అంకెను కూడా అంతే ధీమాగా చెబుతాయి.

దేశం తేలిపోయి ఉంటే అధికారిక జాబితాలే మేలు. జర్మనీకి డాడ్ (DAAD, విద్యార్థుల మార్పిడి చూసే జర్మన్ సంస్థ) వాళ్ల ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్ డేటాబేస్ ఉంది. అందులో ‘జర్మన్, ఇంగ్లిష్’ అని రెండు భాషలూ రాసి ఉంటే సగం క్లాసులు జర్మన్‌లో ఉండొచ్చు, చూసుకోండి. స్వీడన్‌కు ‘యూనివర్సిటీ అడ్మిషన్స్’ అనే పేరున్న సైట్. ఒకే దరఖాస్తులో 4 మాస్టర్స్ కోర్సుల దాకా ప్రాధాన్య క్రమంలో పెట్టొచ్చు. ఫిన్లాండ్‌కు స్టడీఇన్ఫో. బ్రిటన్ వాళ్ల డిస్కవర్ యూని పేరు చాలామంది చెబుతారు గానీ, అది డిగ్రీ కోర్సులకే, మాస్టర్స్‌కు కాదు.

ఇక పట్టిక. స్ప్రెడ్‌షీట్‌లో కోర్సుకొక వరస. మొదటి గడిలో ర్యాంకు కాదు, ప్రవేశ అర్హత రాయండి. ‘బ్యాచిలర్స్‌లో గణితం ఇన్ని క్రెడిట్లు ఉండాలి’ లాంటి షరతు ఒక్కటి తీరకపోయినా మిగతా గడులన్నీ నింపిన శ్రమ వృథా. ఆ తర్వాత ఫీజు. సైట్లలో ఇది ఒకచోట సెమిస్టర్‌కు, ఒకచోట ఏడాదికి, ఒకచోట క్రెడిట్‌కు ఉంటుంది. అన్నింటినీ కోర్సు మొత్తానికి లెక్కకట్టి, ఒకే కరెన్సీలోకి మార్చాకే పోల్చండి. ఐరోపాలో యూరోపియన్ యూనియన్ వాళ్లకు ఒక రేటు, బయటివాళ్లకు ఇంకో రేటు ఉండటం మామూలే. పోర్టల్‌లో పెద్దక్షరాలతో కనిపించేది ఏ రేటో చూడండి.

క్రెడిట్ల దగ్గర చాలామంది బోల్తా పడతారు. బ్రిటన్ మాస్టర్స్‌కు 180 క్రెడిట్లు, ఐరోపాలో రెండేళ్ల కోర్సుకు 120 ఈసీటీఎస్ (ఐరోపా దేశాల ఉమ్మడి క్రెడిట్లు). 180 పెద్దదనిపిస్తుంది. కానీ 2 బ్రిటన్ క్రెడిట్లు 1 ఈసీటీఎస్‌కు సమానం, అంటే 180 అంటే 90 మాత్రమే. 60 ఈసీటీఎస్ ఒక పూర్తి విద్యా సంవత్సరం.

అసలు పోలిక మాడ్యూల్ హ్యాండ్‌బుక్‌లో, అంటే కోర్సులోని ఒక్కో సబ్జెక్టు వివరాలుండే పుస్తకంలో ఉంటుంది. మెనూల్లో దొరక్కపోతే గూగుల్‌లో ‘సైట్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా యూనివర్సిటీ డొమైన్ రాయండి. తర్వాత ఒక ఖాళీ ఇచ్చి కోర్సు పేరు, ‘మాడ్యూల్ హ్యాండ్‌బుక్’ అని చేర్చండి. కోలన్ పక్కన ఖాళీ వదిలితే ఈ చిట్కా పనిచేయదు. ఒకే పేరున్న రెండు 120 క్రెడిట్ల కోర్సులు దొరికాయనుకోండి. ఒకదాంట్లో థీసిస్ 30, తప్పనిసరి సబ్జెక్టులు 70, ఎలెక్టివ్‌లు (మనం ఎంచుకునే సబ్జెక్టులు) 20. రెండోదాంట్లో థీసిస్ 30, తప్పనిసరివి 30, ఎలెక్టివ్‌లు 60. పేరు ఒకటే, చదువు వేరు. ఎలెక్టివ్‌ల జాబితా ఎంత పొడుగున్నా మురిసిపోకండి. ఈ ఏడాది టైమ్‌టేబుల్‌లో వాటిలో ఎన్ని నడుస్తున్నాయో లెక్కపెట్టండి.

ర్యాంకింగులకు పట్టికలో చివరి గడి చాలు. క్యూఎస్ ప్రపంచ ర్యాంకింగ్‌లో 2024 ఎడిషన్ నుంచి 30 శాతం వెయిటేజీ అధ్యాపకుల్లో పరపతిది, 15 శాతం ఉద్యోగాలిచ్చేవాళ్లలో పరపతిది. యూనివర్సిటీ మొత్తానికి వచ్చిన ఆ మార్కు, రేపు ఒక డిపార్ట్‌మెంట్‌లో పాఠం ఎలా ఉంటుందో చెప్పదు. సంపాదన అంకెలూ అంతే. అమెరికా ప్రభుత్వ కాలేజ్ స్కోర్‌కార్డ్‌లో కోర్సులవారీ జీతాలున్నాయి కానీ, అవి ఫెడరల్ సాయం, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సాయం తీసుకున్న విద్యార్థులవే. విదేశీ విద్యార్థులు ఆ లెక్కలోకి దాదాపుగా రారు. దానికంటే లింక్డ్‌ఇన్‌లో యూనివర్సిటీ పేజీ తెరిచి, పూర్వ విద్యార్థుల ట్యాబ్‌లో కోర్సు పేరు కొట్టి, గత నాలుగైదేళ్లకు కుదించి చూడండి. ఏ ఉద్యోగాల్లో చేరారో కనిపిస్తుంది.

ప్రతి వరసలో పేజీ లింకు, చూసిన తేదీ రాసుకోండి. ఫీజు పేజీ పైన ఏ విద్యా సంవత్సరం ఉందో కూడా చూడండి, చాలాసార్లు అది నిరుటిదే. గడువు పక్కన ఏ దేశం సమయమో రాసుకోండి. వీసా కావాల్సినవాళ్లకు గడువు ముందే ముగిసే కోర్సులున్నాయి కాబట్టి, ఏ వర్గం తేదీ రాసుకున్నారో ఇంకోసారి సరిచూసుకోండి.