నాన్నమ్మ గుర్తుండేలా పాపకి హీబ్రూ పేరు వెతకడం ఎలా

మా విజయనగరం వైపు పిల్లకి పేరు పెట్టడం అంటే పెళ్ళి సంబంధం కుదర్చడం కంటే పెద్ద పని, ఎవరి పేరు కలిసింది ఎవరిది కలవలేదు అని ఏళ్ళ తరబడి దెప్పుకుంటారు. మా చెల్లికి పాప పుట్టడానికి నాలుగు నెలల ముందు నాన్నమ్మ పోయింది. చెల్లి ఒకటే పట్టు, పేరు హీబ్రూలో (యూదుల భాష, బైబిల్ పాత నిబంధన చాలావరకు అందులోదే) ఉండాలి, అందులో నాన్నమ్మ కనబడాలి. నాన్నమ్మ పేరులో పైడి ఉంది, పైడితల్లమ్మ మీద వాళ్ళ అమ్మానాన్నలు పెట్టుకున్న పేరు, తర్వాత పెళ్ళయ్యి క్రైస్తవ సంఘంలో చేరినా పేరు మాత్రం మార్చుకోలేదు. పైడికి హీబ్రూ ఎక్కడ తేవాలి చెప్పండి. మూడు వారాలు నేను పడ్డ తిప్పల్లోంచి పనికొచ్చేవి ఇక్కడ రాస్తున్నా.

ముందు ఫోన్ పక్కన పెట్టండి. బేబీ నేమ్స్ యాప్ తెరిస్తే వెయ్యి పేర్లు వస్తాయి, అన్నీ బాగుంటాయి, ఒక్కదాంట్లోనూ మీ మనిషి ఉండరు. ఒక కాగితం మీద ఆ పెద్దమనిషి పేరు, దానికి తెలుగులో అర్థం, వాళ్ళు చేసిన పని, వాళ్ళని తల్చుకుంటే ఫస్ట్ గుర్తొచ్చేది, ఇవి రాయండి. మేము రాస్తే పైడి అంటే బంగారం, వడ్లు దంచేది, చెవుల దిద్దులు అమ్మి నాన్నని చదివించింది, నవ్వు బాగుండేది, ఇలా వచ్చింది. ఇక వెతికేది ఈ కాగితంలోంచే.

మీ పెద్దవాళ్ళది ఆల్రెడీ బైబిల్ పేరైతే మీ పని సగం అయిపోయినట్టే, ఎందుకంటే మనం వాడే చాలా పేర్లు హీబ్రూ పేర్లే, గ్రీకులోంచి ఇంగ్లీషులోంచి తిరిగి తిరిగి మన దగ్గరికి వచ్చేసరికి వేషం మారింది అంతే. నాన్నమ్మ మేరమ్మ అయితే అసలు పేరు మిర్యాము, అన్నమ్మ అయితే హన్నా, ఎలిజబెత్ అయితే ఎలీషెబ (అహరోను భార్య, నిర్గమకాండంలో వస్తుంది), సుసన్నమ్మ అయితే షోషన్నా, తాత జాన్ అయితే యోహానాన్. పేరు అదే, పాతగా వినబడదు, అందరికీ నచ్చుతుంది. కానీ బైబిల్లో ఉన్న ప్రతి పేరూ హీబ్రూ అనుకోకండి, ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పేతురు, లూదియ, ఫీబీ, స్తెఫను గ్రీకు, ప్రిస్కిల్ల లాటిన్, మార్త, తోమా అరమాయిక్.

తెలుగు పేరైతే అర్థం పట్టుకుని వెళ్ళాలి, ఇది మజాగా ఉంటుంది. మన జిల్లాల్లో ఇంటికో అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ ఉంటారు కదా, అదంతా సింహాచలం అప్పన్న, అంటే నరసింహుడు, సింహం అన్నమాట, దానికి అరీయేలు సరిగ్గా సరిపోతుంది, దేవుని సింహం అని అర్థం చెప్తారు. శ్రీకాకుళం వాళ్ళకి అరసవల్లి ఉంది కాబట్టి ఇంటికో సూర్యనారాయణ, ఆయనకి షిమ్షోన్ ఉంది, మన బైబిల్లో సమ్సోను, హీబ్రూలో సూర్యుడిని షెమెష్ అంటారు, దాన్నుంచే వచ్చింది, వెలుగు చాలనుకుంటే మెయీర్, ఊరీ ఉన్నాయి. ముత్యాలమ్మకి పెనీనా అంటే ముత్యమే, కాకపోతే సమూయేలు మొదటి గ్రంథంలో హన్నాని ఏడిపించిన సవతి పేరు అది, సంఘంలో ఎవరో ఒకరు అనకుండా ఉండరు. ఆనందరావుకి గీల్, దానయ్యకి నాతాను, జ్యోతికి నేరియా (యెహోవా నా దీపం), సత్యంకి అమిత్తయి, యోనా తండ్రి పేరు. దయామణి, కరుణమ్మ లాంటివాళ్ళకి మళ్ళీ హన్నానే, ఆ ఒక్క పేరు ఎంతమంది నాన్నమ్మలకి సరిపోతుందో.

అర్థం కుదరకపోతే మొదటి శబ్దం తీసుకోవచ్చు. అమెరికాలో యూదుల ఇళ్ళల్లో ఇది బాగా ఉంది, తాత పేరు స తో మొదలైతే మనవడికి స తో ఇంకో పేరు. మనకీ అలవాటైన లెక్కే, కాకపోతే మనం నక్షత్రాన్ని బట్టి అక్షరం చూస్తాం, వాళ్ళు మనిషిని బట్టి చూస్తారు.

బతికున్నవాళ్ళ పేరు పెట్టొచ్చా అని మా అత్త అడిగింది. దానికి యూదుల్లోనే ఒకే మాట లేదు. తూర్పు యూరప్ వైపు నుంచి వచ్చిన అష్కెనాజీలు చనిపోయినవాళ్ళ పేరే పెడతారు, బతికున్నవాళ్ళది పెడితే మంచిది కాదని నమ్మకం. స్పెయిన్, పోర్చుగల్ వైపు మూలాలున్న సెఫార్దీలు తాత ఎదురుగా కూర్చుని ఉండగానే ఆయన పేరు మనవడికి పెడతారు, ఆయనకి అదే గౌరవం. మన దగ్గర తాత పేరు మనవడికి పెట్టేస్తారు, తర్వాత కోడలికి వస్తుంది కష్టం, మామగారి పేరు పెట్టి పిల్లాడిని తిట్టలేదు కదా, అందుకే చిన్నా, బుజ్జి అని ఇంకో పేరు పుడుతుంది. హీబ్రూలో అర్థం మాత్రమే తీసుకుంటే ఆ గొడవ లేదు, ఎంతైనా తిట్టుకోవచ్చు!

ఇప్పుడు మన పైడి సంగతి. హీబ్రూలో బంగారానికి మాటలు చాలా ఉన్నాయి, మేలిమి బంగారానికి పాజ్ అంటారు, 19వ కీర్తన 10వ వచనంలో ఉన్నది అదే, ఇజ్రాయెల్లో ఆడపిల్లలకి పెడతారు కూడా. చెల్లికి తెగ నచ్చేసింది. ఇంట్లో గట్టిగా చదివామో లేదో చిన్నాన్న "ఏటర్రా ఇది, టీవీ రిమోట్ మీద బటన్ పేరు గుంటకి ఎడతారేటి" అన్నాడు, అంతే పోయింది. అందుకే చెప్తున్నా, పేరు ఎంత మంచిదైనా ఫైనల్ చేసే ముందు వీధి గుమ్మంలో నిల్చుని ఆ పేరుతో గట్టిగా కేక వెయ్యండి, నెట్‌లో ఏ సైటూ ఈ టెస్ట్ చెప్పదు. ఓరీ అంటే హీబ్రూలో నా వెలుగు, మనకి ఓరి నాయనో. షానీ అంటే ఎర్ర రంగు, చక్కటి పేరు, కానీ ఇంగ్లీషులో రాస్తే మనవాళ్ళు శని అని చదువుతారు, చచ్చినా పెట్టకండి. ఆరీ అంటే అక్కడ సింహం, దీర్ఘం పోతే ఇక్కడ అరి అంటే శత్రువు. తాలీ అంటే నా మంచుబిందువు, మన దగ్గర తాళి. నోఆ అని బైబిల్లో సెలోఫెహాదు అనే ఆయన కూతురి పేరు, ఆడపిల్ల పేరే, కానీ జనం నోవహు (ఓడ కట్టినాయన) అనుకుని బాబేనా అని అడుగుతారు.

శబ్దాల్లో మనకో లాభం ఉంది. హీబ్రూలో త్స అనే అక్షరం ఇంగ్లీషువాళ్ళకి కష్టం, మనకి చుక్కలో చ, చలిలో చ దాదాపు అదే కాబట్టి త్సిపోరా (బైబిల్లో సిప్పోరా) లాంటివి మన ముసలమ్మలు కూడా పలికేస్తారు. గొంతులోంచి వచ్చే హ మాత్రం మనకి రాదు, హన్నాలో ఉన్నది నిజానికి అదే, మామూలు హ తో సరిపెట్టుకుంటాం, పర్లేదు.

కథ కూడా చూడండి. తామారు అంటే ఖర్జూరపు చెట్టు, వినడానికి ఎంత బాగుందో, కానీ బైబిల్లో ఆ పేరున్న ఇద్దరి కథలు చదివి మీరే డిసైడ్ అవ్వండి, నేనైతే పెట్టను. యాయేలు అంటే కొండమేక, ఆమె గుడారపు మేకుతో సేనాపతిని చంపింది, దమ్మున్న నాన్నమ్మ ఉంటే పెట్టొచ్చు.

మాకు చివరికి కుదిరింది బంగారం దగ్గర కాదు, కాగితం మీద రాసిన దిద్దుల దగ్గర. ఆభరణానికి హీబ్రూలో ఆది అంటారు, యెహెజ్కేలు 16వ అధ్యాయం 11వ వచనంలో ఆభరణాలతో అలంకరించాను అన్నచోట ఉన్న మాట అదే, ఇజ్రాయెల్లో ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఉన్న పేరే. దిద్దులు అమ్మేసిన మనిషికి ఆభరణం అని పేరు. చెల్లి ఏడ్చేసింది, చిన్నాన్న కూడా ఏం మాట్లాడలేదు. తెలుగులో ఆది అంటే మొదలు అనుకుంటారు, అనుకోనీండి, మొదటి మనవరాలే కదా.

ఇక సర్టిఫికెట్. పుట్టిన 21 రోజుల్లో జననం రిజిస్టర్ చేయించాలి కానీ పేరు కూడా అప్పుడే ఇవ్వాలని లేదు, పేరు లేకుండా రిజిస్టర్ అయితే 12 నెలల్లోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాతైతే లేట్ ఫీజుతో 15 ఏళ్ళ వరకు. హాస్పిటల్లో ఫారం పట్టుకుని నిల్చున్నారు కదా అని కంగారులో ఏదో స్పెల్లింగ్ ఇచ్చేయకండి, 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్ళకి స్కూల్ అడ్మిషన్ దగ్గర్నుంచి పాస్‌పోర్ట్ దాకా పుట్టిన తేదీకి ఆ బర్త్ సర్టిఫికెట్టే ఆధారం. హన్నా చివర హెచ్ ఉందా లేదా అన్నది ముందే తేల్చుకుని ఆధార్‌లోనూ అదే రాయించండి. మేము ఏ, డి, ఐ మూడే అక్షరాలు ఇచ్చాం, కౌంటర్లో అతను డి పక్కన హెచ్ మర్చిపోయారు మేడం అని రెండుసార్లు అడిగాడు. అమ్మ మాత్రం ఉయ్యాల ఊపుతూ పైడీ అనే పిలుస్తోంది, ఆ పిల్ల దానికే తిరిగి చూస్తోంది.